గంప కొలత

రుషికొండ మీద, ఆరో అంతస్తులో
నా మానిటరు ఇరవయ్యేడు అంగుళాలు.
పక్కన కిటికీ. కిటికీలో సముద్రం
ఎప్పుడూ ఒకటే సైజు.

హార్బరు వేలం ధరల సైటు నేనే గీశాను.
ఎడమ వరసలో చేపల పేర్లు,
నడుమ బోట్ల నంబర్లు, ఒడ్డుకొచ్చిన వేళలు,
కుడి చివర ధర.
పైన సంఘం అధ్యక్షుడి ఫోటో, దండతో సహా.
నీలానికే రెండు రోజులు పట్టింది:
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు ఆరే ముందు
ఆకాశానికుండే నీలం కావాలి నాకు.

బ్రౌజరు అంచు పట్టుకుని లోపలికి నెట్టి చూశాను.
కొంచెం నలిగింది.
పరవాలేదనుకున్నాను.
పరవాలేదన్న మాట
కొండ మీంచి చూస్తే బాగానే ఉంటుంది.

తెల్లారుజామున నాలుగున్నరకి హార్బరు.
ఐసు మర చప్పుడు, డీజిలు వాసన,
కానాగంతల కుప్పల మధ్య
బూట్లు తడవకుండా దారి వెతుక్కుంటూ వెళ్లి
గరికిన పైడమ్మ ఫోనులో తెరిచి పెట్టాను.
మూడు చేతులు మారిన ఫోను.
అద్దం మీద ఏటవాలుగా ఒక పగులు,
ఎండాకాలం గోస్తనీ పాయంత సన్నగా.

"పక్క జెట్టీలో కోనెం ఎంతకెల్తందో సూపించు."

పేరుంది. బోటుంది. వేళ ఉంది.
ధర లేదు.
ధర తెరకి అవతల, ఇంకో ఒడ్డున ఉంది.
"పక్కకి జరపాలమ్మా" అన్నాను.
జరిపింది.
వేలికి పొలుసు, పొలుసుకి నీళ్లు,
తెర ఆవిడ వేలిని గుర్తుపట్టలేదు.
కొంగుతో తుడిచింది. కొంగూ తడే.
ఈలోగా పాట ముగిసింది,
కోనేన్ని ఇంకెవరో పట్టుకుపోయారు.

సారీ చెప్పాను.
అదైనా కాస్త పెద్ద అక్షరాల్లో చెప్పాల్సింది.

ఆవిడ వినలేదు. గంప సర్దుకుంటోంది.
ఇందాక పట్టా మీద బారెడు పొడవున
వరసలు తీరి ఉన్న చేపలే
ఇప్పుడు ఒకదాని మీదొకటి.
అడుగున ఐసు, ఐసు మీద కవళ్లు,
ఆ పైన రొయ్యల పొట్లం,
అన్నిటికీ పైన ఒకే ఒక్క చందువ,
మొహం బయటికి పెట్టి.

"అన్నీ పట్టేశాయే!"
"పట్టకేటి బాబూ? గంప సిన్నదని
సేపని కోసేత్తామేటి?
గుమ్మం ముందు దించగానే ఏటడుగుతారో
అదే పైనెడతాం.
అడగందీ అడుగునుంటాది.
ఉంటాది. పోదు."

ఆటో ఆవిణ్ణీ గంపనీ పెదవాల్తేరు వైపు తీసుకుపోయింది.

నేను కొండెక్కి
మూడొందల అరవై పిక్సెళ్ల దగ్గర మొదలెట్టాను.
ముందు ధర. ధర పక్కన పేరు.
బోటు నంబరు ఒక గీత కింద, నొక్కితే తెరుచుకునేలా.
బటను తడిసిన బొటనవేలంత.
నా నీలం ఎండలోకి తీసుకెళ్తే బూడిదైంది,
తీసేసి తెలుపు మీద నలుపు పెట్టాను.
అప్పుడు తెరని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ
చోటు మిగిలినప్పుడల్లా
కింద ఉన్న ఒక వరసని పైకి పిలిచి పక్కన కూర్చోబెట్టాను,
మద్దిలపాలెంలో బస్సు సగం ఖాళీ అయ్యాక
నిలబడ్డవాళ్లు కూర్చున్నట్టు.

అధ్యక్షుడు ఫోను చేశాడు.
తన టాబ్‌లో తన ఫోటో లేదట.
"ఉందండీ, కిందికి జరపండి."
"ఎంత కిందికి?"
ఐసు దాకా, అనబోయి ఊరుకున్నాను.

వారం తర్వాత, వాన తుంపర్లో,
టార్పాలిన్ కింద నిలబడి పైడమ్మ
ఒక్కసారి ఫోను చూసి, రొంటిన దోపుకుని
చెయ్యెత్తి పాట పెంచింది.
నూట డెబ్భై రెండు రూపాయలెక్కువ పెట్టిందని
నాకు గాభరా.
"అక్కడున్నది ఏడు కాదు బాబూ, ఒకటి.
పగులు మీద పడితే ఒకటి ఏడులా కనిపిస్తాది.
నాను సూసే పాడాను."

ఆ కొలత
నా పుస్తకంలో ఎక్కడా లేదు.